పాతికేళ్లు నిలిచే స్టేషన్ కళ: గోడ చూడటం నుంచి పేరు పలక బిగించడం దాకా

మెట్రో స్టేషన్‌లోనో పెద్ద రైల్వే స్టేషన్‌లోనో శాశ్వతంగా ఉండే కళాకృతి పెట్టించాలనుకున్నప్పుడు చాలామంది మొదట ఆర్టిస్టు కోసం వెతుకుతారు. మొదట వెతకాల్సింది గోడను. దాని వెనక ఏముంది, దాన్ని ఎవరు తుడుస్తారు, దేనితో తుడుస్తారు, పదేళ్ల తర్వాత ఒక పలక ఊడితే దానికి జత ఎక్కడ దొరుకుతుంది అన్నవి తేలాకే ఆర్టిస్టు సంగతి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, బొమ్మ ఎంత గొప్పదైనా, కొన్నేళ్లకే వెలిసి, పగిలి, చివరికి దాని మీద ప్రకటన బోర్డు వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ రాసినవన్నీ మన నగరాల స్టేషన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. పని అప్పగించే అధికారులకు, ఆర్కిటెక్టులకు, ఇలాంటి పనికి మొదటిసారి దిగుతున్న ఆర్టిస్టులకు ఉపయోగపడతాయి. శాశ్వతం అంటే కనీసం 25 ఏళ్లు అనుకుందాం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కొత్త స్టేషన్ అయితే ఫినిషింగ్ పనుల టెండరు పిలవకముందే. ఆ టెండరులో గోడకు వేసే టైల్స్, ఫాల్స్ సీలింగ్, లైట్లు అన్నీ కొలతలతో సహా ఖరారైపోతాయి. ఆ తర్వాత వచ్చే ఆర్టిస్టుకు మిగిలేది టైల్స్ మీద అంటించే స్టిక్కరు జాగా. అదే ముందుగా వస్తే ఆ గోడకు టైల్స్ ఖర్చు మిగులుతుంది, ఆ డబ్బు కళ ఖాతాలోకి మళ్లుతుంది. లైటు పాయింట్లు, కేబుల్ పైపులు, కాంక్రీటులో పెట్టే ఉక్కు ప్లేట్లు అన్నీ సివిల్ పనిలోనే వచ్చేస్తాయి.

స్టాక్‌హోమ్ మెట్రోలో 100 స్టేషన్లుంటే 90కి పైగా స్టేషన్లలో కళ ఉంది. 1957లో టీ-సెంట్రాలెన్‌తో మొదలైంది. అదే స్టేషన్‌లో 1975లో తెరిచిన నీలం లైను ప్లాట్‌ఫారంలో రాతి గుహ కప్పు మీదే నీలి తీగలు పాకుతుంటాయి. అక్కడ బొమ్మకూ గోడకూ మధ్య గీత గీయలేం. స్టేషన్ పూర్తయ్యాక తెచ్చి తగిలించే పద్ధతిలో అలాంటిది సాధ్యం కాదు.

పాత స్టేషన్‌లో అయితే మొత్తం పనికి 20 నుంచి 23 నెలలు పెట్టుకోండి. ప్రకటన, ఎంపికకు 5 నెలలు. డిజైను, ఇంజనీరింగ్ అనుమతులకు 5. నమూనా పరీక్షకు 3. తయారీకి 5 నుంచి 8. బిగించడానికి 2 నెలలు. ప్రారంభోత్సవం తేదీ చూసుకుని వీటిని కుదించాలన్న ఒత్తిడి వస్తుంది. అప్పుడు కత్తిరింపుకు మొదట బలయ్యేది నమూనా పరీక్ష. దాన్ని మాత్రం వదులుకోకండి. ఎందుకో కింద చెప్తాం.

గోడను పరీక్షించడం

స్టేషన్ డ్రాయింగులు తీసుకుని స్ట్రక్చరల్ ఇంజనీరుతో కలిసి ఆ చోటికి వెళ్లండి. అడగాల్సిన మొదటి ప్రశ్న: దీనికి డ్రిల్లు పెట్టవచ్చా? ప్రీస్ట్రెస్డ్ గర్డర్లకు, పోస్ట్ టెన్షన్ చేసిన స్లాబులకు, సొరంగం సెగ్మెంట్లకు పెట్టకూడదు. లోపల బిగదీసిన కేబుల్ ఒక్కటి తెగినా అది కళకు సంబంధించిన సమస్యగా ఉండదు. డ్రిల్లు పెట్టదగిన గోడ అయినా, లోపలి కడ్డీలు, కేబుళ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేసి, గోడ మీదే సుద్దతో గుర్తులు వేయించండి.

రెండోది తడి. భూగర్భ స్టేషన్‌లో బయటి గోడ ఎప్పుడో ఒకప్పుడు చెమర్చడం మామూలే. ఆ నీళ్లు ఉప్పును మోసుకొచ్చి, మొజాయిక్ వెనక తెల్లగా పేరుకుని, మెల్లగా ముక్కల్ని బయటికి తోస్తాయి. అలాంటి గోడకు నేరుగా ఏదీ అతికించకండి. 75 నుంచి 100 మి.మీ. ఖాళీ వదిలి స్టెయిన్‌లెస్ ఫ్రేము కట్టి, దాని మీద పలకలు బిగించండి. ఖాళీ అడుగున నీళ్లు పోయే దారి ఉండాలి. గోడను చూడటానికి కొన్ని పలకలు తాళంతో తెరుచుకునేలా ఉండాలి. వానాకాలంలో ఆ గోడ ఎలా ఉంటుందో చూడకుండా ఖరారు చేయవద్దు.

మూడోది కదలిక. భవనం సాగి కుంచించుకోవడానికి వదిలిన సందు, అంటే ఎక్స్‌పాన్షన్ జాయింటు మీదుగా బొమ్మ వెళ్తుంటే, ఆ జాయింటు బొమ్మలోనూ అదే వెడల్పుతో ఉండాల్సిందే. అందం చెడుతుందని దాన్ని కప్పేస్తే, సరిగ్గా ఆ గీత వెంబడే పగులుతుంది. ఆ గీత ఎక్కడుందో మొదటి రోజే ఆర్టిస్టుకు చెప్తే, దాన్ని ఒక చెట్టు అంచుగానో ఏరు ఒడ్డుగానో డిజైనులో కలిపేసుకుంటారు.

ఎత్తు మీద ఉన్న స్టేషన్లలో ఎండ లెక్క వేరు. ఉక్కు మీటరుకు, ఒక్కో డిగ్రీకి 0.012 మి.మీ. సాగుతుంది, అల్యూమినియం దాదాపు రెట్టింపు, 0.023. చలికాలం తెల్లవారుజాముకూ మే నెల పడమటెండకూ మధ్య లోహం వేడిలో 40 డిగ్రీల తేడా సులభంగా వస్తుంది. 10 మీటర్ల ఉక్కు పట్టీ దాదాపు 5 మి.మీ., అల్యూమినియం అయితే 9 మి.మీ. సాగుతుంది. రెండు చివర్లా గట్టిగా బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది. ఒక చివర గట్టిగా, రెండో చివర పొడుగు రంధ్రంలో బోల్టు: ఇంతే పరిష్కారం, కానీ డ్రాయింగులో ఉండాలి.

బరువు కూడా ముందే తేల్చుకోండి. చదరపు మీటరుకు 20 మి.మీ. గ్రానైట్ 54 కిలోలు, 30 మి.మీ.ది 81, 12 మి.మీ. అతుకు (లామినేటెడ్) గాజు 30 కిలోలు, 2 మి.మీ. ఎనామెల్ ఉక్కు పలక, అంటే గాజు పూత పూసి కాల్చినది, సుమారు 16 కిలోలు, ఫ్రేము బరువు అదనం. ఇటుక గోడకు గ్రానైట్ బొమ్మ వేలాడదీయకండి, నేల నుంచి నిలబడే ఫ్రేము కట్టండి.

రైలు పెట్టే షరతులు

ప్లాట్‌ఫారం కళకు, మామూలు భవనంలో కళకు తేడా ఇక్కడే. మన రైల్వేలోనూ హైదరాబాద్ మెట్రోలోనూ పై తీగల్లో 25,000 వోల్టులు పారుతుంది. ఆ తీగలకు రెండు మీటర్ల లోపుకి మనిషి గానీ పనిముట్టు గానీ వెళ్లకూడదు. అంటే బొమ్మను బిగించేటప్పుడే కాదు, తుడిచేటప్పుడు నిచ్చెన, కర్ర ఎక్కడిదాకా వెళ్తాయో కూడా లెక్కలోకి రావాలి. ప్లాట్‌ఫారం మీది లోహపు కళాకృతులన్నింటినీ స్టేషన్ ఎర్తింగ్‌కు కలపాలి, ఎలా కలపాలో ఎలక్ట్రికల్ విభాగం రాతపూర్వకంగా చెప్పాలి.

డ్రైవరు చూపు పడేచోట అద్దంలా మెరిసే లోహం, ఎర్ర లైటు, పచ్చ లైటు వద్దు. సిగ్నలుతో పొరబడే ప్రమాదం ఉంటే, సిగ్నల్ విభాగం పని మొత్తాన్ని చివరి నిమిషంలో ఆపేస్తుంది, ఆపడం సబబు కూడా. సీసీటీవీ కెమెరాలకు అడ్డం రాకూడదు. అత్యవసరంలో జనం బయటికి పరుగెత్తే దారి వెడల్పు ఒక్క సెంటీమీటరు కూడా తగ్గకూడదు.

మంట విషయంలో ఎక్కువ మెట్రోలు ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అమెరికా అగ్నిభద్రతా ప్రమాణాన్ని పాటిస్తాయి. చెక్క, గుడ్డ, థర్మోకోల్, మామూలు ఫైబర్‌గ్లాస్ భూగర్భంలోకి రావు. తక్కువ ధరకు, తక్కువ బరువుకు దొరుకుతుందని మన ఊళ్లలో విగ్రహాలకు వాడే ఫైబర్‌గ్లాస్ కాలితే వచ్చే నల్లటి పొగ, సొరంగంలో మంట కంటే ముందు మనుషుల్ని చంపుతుంది. ఏ పదార్థమైనా పరీక్ష సర్టిఫికెట్టు చేతికి వచ్చాకే కొనండి. సర్టిఫికెట్టు మీరు వాడే మందానికి, మీరు వాడే పూతతో సహా ఉండాలి; విడిగా రెసిన్‌కు ఇచ్చినది చెల్లదు.

చూపు లేనివాళ్లు చేతికర్రతో నేలను తడుముతూ నడుస్తారు. గోడ నుంచి 10 సెం.మీ. కన్నా ముందుకు పొడుచుకొచ్చే శిల్పం కింది అంచు మోకాలి ఎత్తు కన్నా పైన ఉంటే, కర్రకు తగలదు, మొహానికి తగులుతుంది. అలాంటి శిల్పాన్ని నేల దాకా దించండి, లేదా తలకు అందనంత ఎత్తుకు, అంటే 2.1 మీటర్ల పైకి జరపండి. చూపు లేనివాళ్లకు దారి చూపే ఉబ్బెత్తు గుర్తుల టైల్స్‌కు దాన్ని దూరంగా ఉంచండి.

పదార్థం: ఏది నిలుస్తుంది

రైళ్లు బ్రేకు వేసిన ప్రతిసారీ సన్నని ఇనుప రజను లేస్తుంది. అది తడి తగిలిన చోట తుప్పు రంగుకు తిరుగుతుంది. ప్లాట్‌ఫారం పక్కన గరుకు ఉపరితలం, తెల్ల సున్నపురాయి, లోతైన చెక్కడం ఉంటే, ఏడాది తిరిగేసరికి ఎర్రమట్టి పూసినట్టు అవుతుంది. అందుకే ప్రపంచమంతా స్టేషన్లలో ఎక్కువగా కనిపించేవి నాలుగే: గాజు లేదా పింగాణీ మొజాయిక్, కాల్చిన టైలు, ఎనామెల్ ఉక్కు పలక, నునుపు చేసిన గ్రానైట్. కంచు నిలుస్తుంది, కానీ జనం దాన్ని తాకుతారు. మాస్కోలో 1938లో తెరిచిన ప్లోషద్ రెవొల్యూత్సీ స్టేషన్‌లో 76 కంచు విగ్రహాలున్నాయి. సరిహద్దు సైనికుడి పక్కనున్న కుక్క ముక్కును అదృష్టం కోసం ముట్టుకుని ముట్టుకుని బంగారంలా మెరిసేట్టు చేశారు. తాకడాన్ని ఆపలేం కాబట్టి, తాకితే అందం పెరిగే చోటనే చేతికి అందనివ్వండి.

స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం హైదరాబాదులో లోపలి చోట్లకు చాలు. విశాఖలాంటి సముద్రపు గాలిలో దాని మీద టీ మరకల్లాంటి గోధుమ చారలు వస్తాయి. అక్కడ 316 వాడాలి, బోల్టులతో సహా. కావాలని తుప్పు పట్టించే కోర్టెన్ ఉక్కు చూడటానికి బాగుంటుంది గానీ, ప్రతి వానకూ దాని కింది నేల మీద తుప్పు నీళ్లు కారతాయి. స్టేషన్ లోపల వద్దు.

గోడ మీద నేరుగా వేసే పెయింటు సంగతి సూటిగా చెప్పుకోవాలి. 2017లో బిహార్‌లోని మధుబని స్టేషన్ గోడలను స్థానిక కళాకారులు మిథిలా చిత్రాలతో నింపారు. అలాంటి పని ఊరి ముఖాన్నే మార్చేస్తుంది, దాని విలువ దానిది. కానీ పెయింటుకు కొన్నేళ్లకోసారి మళ్లీ చేయి పడాల్సిందే. పెయింటు ఎంచుకుంటే, మళ్లీ వేయించే డబ్బును, అదే కళాకారుల్ని పిలిచే షరతును మొదటి కాగితంలోనే రాయండి. శాశ్వతం అని మాత్రం రాయకండి.

మన చేతికళలను స్టేషన్‌లోకి తేవాలన్నప్పుడు చేసే పెద్ద తప్పు వస్తువును తేవడం. తేవాల్సింది గీతను. చేర్యాల పటం ఖాదీ గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి వేసేది. అది ప్లాట్‌ఫారం దుమ్మును తట్టుకోలేదు, మంట నిబంధనకూ లోబడదు. అదే గీతను పింగాణీ టైలు మీద కాల్చి రంగు ఎక్కించవచ్చు, ఎనామెల్ చేయవచ్చు. అయితే రెండడుగుల పటాన్ని ఫొటో తీసి ఇరవై అడుగులకు సాగదీస్తే కుంచె గీత చేతివెడల్పుకు ఉబ్బి, కళ్లు బండబారిపోతాయి. పటం వేసే కళాకారులనే కూర్చోబెట్టి, అసలు కొలతకు అయిదో వంతు సైజులోనైనా మళ్లీ గీయించండి. ముఖాలు, చేతులు మాత్రం పూర్తి సైజులో గీయించండి. ఆ గీతకు డబ్బు డిజైనరు హోదాలో ఇవ్వండి, రోజుకూలీగా కాదు. పెంబర్తి ఇత్తడి రేకు పని, ఆళ్లగడ్డ రాతి చెక్కడం మాత్రం కాస్త జాగ్రత్తలతో వస్తువుగానే నిలుస్తాయి. ఇత్తడి రేకును చేతికందని ఎత్తులో పెట్టి, వెనక గట్టి పలక ఆనించండి. లేకపోతే మొదటి నెలలోనే సొట్టలు పడతాయి.

మొజాయిక్ లెక్క దగ్గరగా చూస్తే

స్టేషన్లకు ఎక్కువగా ఎంచుకునేది ఇదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. 20 మి.మీ. ముక్కలకు 2 మి.మీ. సందు వదిలితే చదరపు మీటరుకు సుమారు 2,000 ముక్కలు పడతాయి. 10 మి.మీ. ముక్కలు, 1 మి.మీ. సందు అయితే 8,000 దాటతాయి. ముక్క సగమైతే పని నాలుగింతలవుతుందన్నమాట. కొటేషన్లలో తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, అందుకే ముక్క సైజు రాయని కొటేషన్‌ను పోల్చి చూడలేం.

ఇప్పుడు 30 సెం.మీ. వెడల్పున్న ఒక ముఖం తీసుకోండి. 20 మి.మీ. ముక్కలతో అయితే అడ్డంగా 14 ముక్కలు పడతాయి, కన్నుకు మిగిలేది రెండో మూడో. చూపు ఎటుందో తెలియదు, నవ్వూ ఏడుపూ ఒకేలా ఉంటాయి. అదే ముఖం మీటరున్నర వెడల్పుంటే 20 మి.మీ. ముక్కలే చాలు. కాబట్టి బొమ్మంతా ఒకే సైజు అని పట్టుబట్టకండి: ఆకాశం, నేల పెద్ద ముక్కల్లో, ముఖాలు, చేతులు చిన్న ముక్కల్లో చేయించండి.

దూరం, కాలం కూడా ఇక్కడే చూసుకోవాలి. మనిషి మామూలు నడకలో 10 మీటర్ల గోడను 8 సెకన్లలో దాటేస్తాడు. అక్కడ సన్నని వివరం ఎవరికీ కనిపించదు, పెద్ద ఆకారాలు, రంగుల లయ పనిచేస్తాయి. ఎస్కలేటరు మీద అరనిమిషం దొరుకుతుంది. రైలు కోసం ఆగే ప్లాట్‌ఫారం మీదైతే మూడు నాలుగు నిమిషాలు, అదీ రోజూ. రోజుకొకటి కొత్తగా దొరికేంత వివరం అక్కడ పెట్టండి: గంప మోసే ఆవిడ చెవి కమ్మ, సైకిలు వెనక కట్టిన పాల క్యాన్ల మీది సొట్ట.

అతికించడంలో: ప్లాస్టరు ఆరడానికి 28 రోజులు. సిమెంటు ముద్దతో కాకుండా ఐఎస్ 15477 ప్రకారం బొమ్మ బరువుకు, చోటుకు సరిపోయే రకం అడ్హెసివ్‌తో, గోడ మీదా పలక వెనకా రెండు వైపులా పూసి అతికించాలి. వెనక 95 శాతమైనా నిండాలి. మొదటి రోజు అతికించిన వాటిలో రెండింటిని తడిగా ఉండగానే పీకి వెనక చూడండి. ఖాళీలు కనిపిస్తే మేస్త్రీ పద్ధతి మార్చాలి. ఎండ తగిలే చోట 3 మీటర్లకు, నీడలో 6 మీటర్లకు ఒక మెత్తని జాయింటు వదలండి. రైలు అదురు వల్ల ఊడేది ఎప్పుడూ వెనక డొల్ల ఉన్న ముక్కే. తలల మీదికి వచ్చే బరువైన పలకలకు అడ్హెసివ్ ఒక్కటే చాలదు, స్టెయిన్‌లెస్ పిన్నులతో గోడకు పట్టించాలి.

ఎంపిక, టెండరు, డబ్బు

అతి తక్కువ ధర చెప్పినవాళ్లకు పని ఇచ్చే ఎల్-1 పద్ధతిలో కళ కొనకండి. గ్రానైట్ చదరపు మీటరు ధర పోల్చవచ్చు, రెండు వేర్వేరు బొమ్మల ధర పోల్చి ప్రయోజనం లేదు. ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే సాధారణ ఆర్థిక నియమావళి (జీఎఫ్ఆర్) 2017లోని 192వ నియమం కన్సల్టెన్సీ సేవల్లో నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతిని అనుమతిస్తుంది. ఇంతకన్నా మేలైన దారి ఏమిటంటే డిజైనును, తయారీని విడదీయడం. డిజైనుకు బడ్జెట్ ముందే ప్రకటించి, ఆ డబ్బులో ఎవరు మంచి కళ ఇస్తారన్న దాని మీదే పోటీ పెట్టండి. తయారీకి ఆర్టిస్టు సూచించిన, అర్హత పరీక్షలో నెగ్గిన వర్క్‌షాపుల మధ్య ధర పోటీ పెట్టండి. వర్క్‌షాపు ఇచ్చే నమూనాకు ఆర్టిస్టు సంతకం ఉంటేనే బిల్లు కదలాలి.

ఎంపిక కమిటీకి ఏడుగురు చాలు: బయటి ఆర్టిస్టులు లేదా క్యూరేటర్లు ముగ్గురు, స్టేషన్ ఆర్కిటెక్టు, నిర్వహణ ఇంజనీరు, ఆ పేటలో ఉండేవాళ్లు ఇద్దరు. నిర్వహణ ఇంజనీరును వదిలేయకండి. పాతికేళ్లు ఆ బొమ్మతో కాపురం చేసేది ఆ విభాగమే. మొదటి వడపోతలో పాత పనులు చూసి నలుగురిని ఎంచి, ఆ నలుగురికీ స్కెచ్చుకు డబ్బు ఇవ్వండి. ఊరికే స్కెచ్చులు గీయమంటే తలపండిన ఆర్టిస్టులు రారు, కుర్రవాళ్లు నష్టపోతారు.

ఖర్చు వాటాలకు ఒక ప్రారంభ లెక్క: ఆర్టిస్టు రుసుము 15 నుంచి 20 శాతం, ఇంజనీరింగ్, పరీక్షలు 8, తయారీ 45, రవాణా, బిగింపు 12, లైట్లు 5, మిగిలింది అనుకోని ఖర్చులకు. అనుకోని ఖర్చు 10 శాతం కన్నా తగ్గితే, గోడ వెనక పాత కేబుల్ కనిపించిన రోజే పని ఆగుతుంది. జీఎస్టీ లెక్కలో ఇది శిల్పం కొనుగోలా, వర్క్స్ కాంట్రాక్టా అన్నది ఒప్పందానికి ముందే తేల్చండి. తర్వాత తేలితే ఆ తేడా ఆర్టిస్టు రుసుములోంచే పోతుంది. చెల్లింపులు సంతకం రోజున 15 శాతం, తుది డ్రాయింగులకు 15, ముడిసరుకు కొన్నాక 25, వర్క్‌షాపులో తనిఖీ అయ్యాక 25, బిగించాక 15, ఏడాది చూశాక మిగిలిన 5. చివర్లో మొత్తం ఇస్తామంటే ఆర్టిస్టు అప్పుచేసి గాజు కొనాలి, చివరికి చవకరకం గాజు వస్తుంది.

ఒప్పందంలో ఉండి తీరాల్సినవి

1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసినా తన పేరు చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా కృతిని పాడు చేయకుండా అడ్డుకునే హక్కు కళాకారుడికే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసేసి గోదాములో పడేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయలు పరిహారం చెల్లించాలని చెప్పింది. స్టేషన్లు మారుతూనే ఉంటాయి: కొత్త లైను కలుస్తుంది, లిఫ్టు పెడతారు. లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో ఎడ్వర్డో పావలోజ్జీ 1980లలో చేసిన మొజాయిక్‌లలో చాలా భాగాన్ని స్టేషన్ విస్తరణలో కాపాడుకున్నారు గానీ, ఎస్కలేటర్ల మీది తోరణాలను 2015లో తీసేయక తప్పలేదు. వాటి ముక్కలు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చేరాయి.

అందుకే మార్పు వస్తే ఏం చేస్తారో మొదటి రోజే రాయండి: కదిలించే ముందు ఆర్టిస్టుకు 90 రోజుల నోటీసు, విప్పే పద్ధతి ఆర్టిస్టు సలహాతో, మళ్లీ పెట్టలేకపోతే మొదట ఆర్టిస్టుకు ఇవ్వడం. పలకల్ని బోల్టులతో విప్పేలా బిగిస్తే ఈ షరతులన్నీ ఆచరణలో సాధ్యమవుతాయి. హక్కుల బదిలీ ఉంటే కాలం, ప్రాంతం తప్పక రాయండి. చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని తీసుకుంటారు. స్మార్ట్ కార్డు మీద, క్యాలెండరు మీద ఆ బొమ్మ వాడాలనుకుంటే అది కూడా రాయాలి, దానికి విడిగా డబ్బు ఇవ్వాలి.

మన జనం, మన పట్టింపులు

నేల మీద దేవుళ్ల రూపాలు, మనుషుల ముఖాలు, ఏ భాష అక్షరాలూ వేయించకండి. చదువును, దేవుణ్ణి కాలితో తొక్కకూడదన్న పట్టింపు మన ఇళ్లలో గట్టిగానే ఉంది. పెద్దవాళ్లు చుట్టూ తిరిగి నడుస్తారు, రద్దీలో అది తొక్కిసలాటకు దారి. నేలకు ముగ్గు గీతలు, నదుల వంపులు, చేనేత అంచులు చక్కగా కుదురుతాయి.

ఉమ్మకుండా ఉంటారని గోడకు దేవుడి టైల్స్ అతికించే అలవాటును కళలోకి తేకండి. కొన్నాళ్లకు అక్కడ కుంకుమ, అగరొత్తులు, కొబ్బరికాయ వస్తాయి, తర్వాత దాన్ని కదిలించలేరు. పాన్ మరకలకు మందు వేరే ఉంది: నేల నుంచి 1.2 మీటర్ల దాకా బొమ్మ లేకుండా నునుపు గ్రానైట్ పెట్టండి, మూలలకు వెలుతురు పెంచండి. పీఠం చదునుగా ఉంటే జనం కూర్చుంటారు, కూర్చోనివ్వండి, కాబట్టి మనుషుల బరువుకు తగ్గట్టు కట్టండి. పైన చదునైన అంచులుంటే పావురాలు గూళ్లు పెడతాయి. అరచేతి వెడల్పున్న ప్రతి పై అంచునూ నిటారు వాలుగా చెక్కించండి.

నమూనా, తర్వాత రాత్రి పని

మీటరు పొడుగు, మీటరు వెడల్పున్న నమూనా ముక్క చేయించి, అదే స్టేషన్‌లో, అదే లైట్ల కింద మూడు నెలలు పెట్టండి. అందులో వానాకాలం కొంతైనా ఉండాలి. హౌస్‌కీపింగ్ వాళ్లకు ఏమీ చెప్పకండి, రోజూ ఎలా తుడుస్తారో అలాగే తుడవనివ్వండి. మూడు నెలల తర్వాత దాని మీద కనిపించేదే మీ బొమ్మ భవిష్యత్తు. సందుల్లో సిమెంటు కరిగి గుంటలు పడితే యాసిడ్ వాడుతున్నారని అర్థం. అప్పుడు సందులకు ఎపాక్సీ గ్రౌట్ వాడాలి, పనివాళ్ల చేతికి యాసిడ్ ఇవ్వడమూ ఆపాలి.

నడుస్తున్న స్టేషన్‌లో పని రాత్రి చివరి రైలు వెళ్లాకే. కాగితం మీద నాలుగు గంటలున్నా, రైళ్లు, కరెంటు ఆపించే అనుమతి (బ్లాక్) తీసుకోవడం, ఎర్తింగ్, సామాను దించడం, తిరిగి శుభ్రం చేసి అప్పగించడం పోగా చేతికి మిగిలేది రెండు, రెండున్నర గంటలు. పగటి షిఫ్టులో అయ్యే పనిలో మూడో వంతు జరుగుతుందని లెక్క వేసుకోండి. ప్రతి రాత్రి లోపలికి తెచ్చిన పనిముట్లు లెక్కపెట్టి, బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాలి. పట్టాల మీద మరిచిన స్పానరు ఉదయం మొదటి రైలుకు ప్రమాదం. బరువైన పలకలను ఎక్కించే ముందు వాటి యాంకర్ బోల్టుల్లో కొన్నింటిని లాగి పరీక్ష చేయించండి. ఎస్కలేటరు మీద ఏదైనా వేలాడదీస్తే, దాని బల్బు మార్చడానికి కూడా ఎస్కలేటరు ఆపి పరంజా కట్టాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. 50,000 గంటల ఎల్‌ఈడీ రోజుకు 18 గంటలు వెలిగితే ఏడున్నరేళ్లు వస్తుంది, అంటే 25 ఏళ్లలో మూడుసార్లు మార్చాలి. ఎల్‌ఈడీలకు కరెంటు అందించే డ్రైవర్ యూనిట్లను నేల మీద నిలబడి అందుకునే పెట్టెలో పెట్టించండి.

అప్పగింత

ఆర్టిస్టు వెళ్లిపోయే ముందు తీసుకోవాల్సినవి: బిగించింది బిగించినట్టు చూపే డ్రాయింగులు, ప్రతి రంగు కోడు, అడ్హెసివ్, గ్రౌట్ పేర్లు, 5 నుంచి 10 శాతం అదనపు టైల్స్. ఆ టైల్స్ పెట్టెల మీద చెరిగిపోని రాతతో బొమ్మ పేరు రాసి, ఏ గదిలో ఉన్నాయో స్టేషన్ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించాలి. రాయకపోతే రెండేళ్లలో ఎవరో వాటిని బాత్రూముకు వేసేస్తారు.

శుభ్రం చేసే పద్ధతిని ఒక్క పేజీలో, బొమ్మలతో, తెలుగు, హిందీ, ఉర్దూల్లో అచ్చు వేయించి లామినేట్ చేసి, చీపుళ్లు పెట్టే గది తలుపు లోపలివైపు అంటించండి. అందులో మెత్తని గుడ్డ, యాసిడ్ గానీ క్షారం గానీ కాని సబ్బు నీళ్లు, మంచి నీళ్లతో కడగడం ఉండాలి. యాసిడ్, బ్లీచింగ్, ఇనుప పీచు వద్దని కొట్టేసిన బొమ్మలూ ఉండాలి. పనివాళ్ల కాంట్రాక్టు మారినప్పుడల్లా కొత్తవాళ్లకు ఒక గంట నేర్పించాలని హౌస్‌కీపింగ్ టెండరులోనే పెట్టండి. ఆరు నెలలకోసారి ఒకే చోట నిలబడి ఫొటోలు తీయించండి, ఏడాదికోసారి చెక్క సుత్తితో తట్టించి డొల్ల శబ్దం వచ్చే ముక్కలకు గుర్తు వేయించండి.

చివర బిగించేది పేరు పలక. నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో, బొమ్మకు కుడి పక్కన, మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని స్క్రూలతో బిగించండి. తెలుగు అక్షరం ఎత్తు 15 మి.మీ.కు తగ్గకుండా, వత్తులు స్పష్టంగా చెక్కించండి. కింద బ్రెయిలీ ఉండాలి. బొమ్మ పేరు, ఏడాది, పదార్థం, ఆర్టిస్టు పేరుతో పాటు ముక్కలు కోసి అతికించిన కళాకారుల పేర్లూ ఒక్కొక్కటిగా ఉండాలి.